మొదటి జానెడు

సిరిసిల్లలో కరెంటు పోయిందంటే సాంచాలు ఆగుతాయి. సాంచాలు ఆగితే మాటలు మొదలవుతాయి. బాలకిషన్‌కు దేవుడి సంగతులు చెప్పే మనిషిగా పేరొచ్చింది అట్లాగే.

నాలుగు మరమగ్గాలున్న రేకుల షెడ్డు ఆయనది. ఆ మగ్గాలనే అక్కడ సాంచాలంటారు, వాటి మీద సేటు ఇచ్చే నూలును కూలికి నేస్తాడు. కరెంటు లేని గంటలో గుమ్మంలో కూర్చుని బీడీ ముట్టించాడంటే చుట్టుపక్కల షెడ్లవాళ్ళు వచ్చి చేరేవాళ్ళు. ఒక్కపొద్దు నాడు మరిచిపోయి చాయ్ తాగితే ఫలం ఉంటుందా పోతుందా, చచ్చిన ఎద్దు ఏ లోకానికి పోతుంది, ఇట్లాంటివన్నీ ఆయన ముందు పడేవి. ఆయన దేన్నీ తెలియదని వదిలిపెట్టలేదు. తెలియదనడం ఆయన లెక్కలో నడిచే సాంచ మీద పేక నూలు మోసే నాడె జారవిడిచినంత తప్పు.

కోడలు రచనది కోరుట్ల. బీఎస్సీ చదివింది. పెళ్ళయ్యాక సిరిసిల్లలోనే ఒక ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతోంది. రెండేళ్ళ కింద ఒక సాయంత్రం ఆమె బడి నుంచి నేరుగా షెడ్డులోకి వచ్చింది.

"మామా, మా క్లాసుల స్రవంతి అని ఒక పిల్ల ఉన్నది. ఇయ్యాల నన్ను నిలవెట్టి కడిగింది."

"ఏమన్నదట?"

"దేవుడు అన్నీ మనకోసమే చేసిండంటరు గదా టీచర్, మరి గా అంగారకుడు, గురుడు, శని ఎవరికోసం చేసిండు, ఆడ పురుగు గూడ లేదంటిరి గదా అన్నది. ఎనుక బెంచిల ఒకడు లేచి, శనిని మా బాపు కోసం చేసిండు టీచర్ అన్నడు. అందరు పడీ పడీ నవ్విండ్రు. నాకే జవాబు దొర్కలే."

బాలకిషన్ అప్పుడే ఒక సాంచ మీద కొత్త భీము ఎక్కించాడు. భీమంటే పడుగు నూలు చుట్టిన పెద్ద రూళ్ళ కర్రలాంటిది. పాత భీము అయిపోవచ్చినప్పుడు దాని పోగుల కొసలకు కొత్తదాని కొసలు ఒక్కొక్కటే అతుకుతారు. ఆ ముడులు దాటి, పోగులన్నిటికీ ఒకే బిగువు వచ్చేదాకా మొదటి జానెడు బట్ట ఎప్పుడూ పాడే. ఒకచోట దట్టంగా, ఒకచోట జల్లెడలాగా వస్తుంది. దాన్ని కోసి బుట్టలో పారేస్తారు. అది చింది.

ఆయన ఆ చిందిని వెలుతురుకు పట్టి చూపించాడు.

"గిటు చూడు బిడ్డా. యాభై ఏండ్ల సంది నేస్తున్న. మొదటి జానెడు మంచిగ వచ్చిన దినం ఒక్కటి లేదు. దేవుడు గూడ భీము ఎక్కించంగనే మంచి బట్ట దిగుతదా? ఒకటి మాడింది. ఒకటి గడ్డకట్టింది. ఒకటి ఉత్త గాలి. చెయ్యి కుదిరినంక భూమి దిగింది. గవన్నీ చిందులు. మనది బట్ట."

రచన నోరు తెరిచి వింది. తర్వాత చప్పట్లు కొట్టింది.

"మామా, నువ్వు మా బడికి రావాలె!"

గుమ్మంలో నిలబడ్డ ఆగయ్యకు మాత్రం ఎక్కడో తేడా కొట్టింది. ఆగయ్య ఆటో నడుపుతాడు, బాలకిషన్‌కు వరసకు బామ్మర్ది. "అంటే బావా, దేవుడు గూడ నీ లెక్కనే కూలికి నేసెటోడా? మరి ఆయనకు సేటు ఎవరు?"

"నీ ఆటో మీద నిన్ను కూసోవెట్టినోడే. పోరా."

ఆ జవాబు బడిదాకా పోయింది. బడి నుంచి ఇళ్ళకు పోయింది. కొండగట్టుకు పోయే బస్సులో ఎవరో అదే మాట తనకే చెప్పారని బాలకిషన్ నెలరోజులు మురిసిపోయాడు. 'నాదే గా మాట' అని ఆయన అనలేదు. అనకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

*

మొన్న మాఘమాసంలో రచనకు ఆడపిల్ల పుట్టింది. గుండెలో రంధ్రమన్నారు. కరీంనగర్ దవాఖానలో పదిహేను రోజులుంచారు. చేయగలిగింది చేశామని చెప్పి ఇంటికి పంపారు. పుట్టిన పంతొమ్మిదో రోజు తెల్లవారుజామున పాలు తాగుతూ తాగుతూ ఆ పిల్ల తాగడం మానేసింది.

చంటిపిల్లను కాల్చరు. ఆలస్యం చేయరు. ఆడవాళ్ళు వెంట రారు. మధ్యాహ్నానికల్లా మానేరు ఒడ్డున పూడ్చి రావాలి. రచన భర్త మధుకర్ గోడకు తల ఆనించి కూర్చున్నాడు, లేవలేదు. అన్నీ బాలకిషనే చూసుకున్నాడు.

పిల్లను చుట్టటానికి బట్ట కావాల్సి వచ్చింది. ఇరవై ఒక్క రోజులు నిండి తొట్టెలో వేసేదాకా పసిపిల్లకు కొత్తబట్ట తొడగరు. అన్ని రోజులూ బాలకిషన్ భార్య గంగవ్వ పాత చీర ముక్కల్లోనే పెరిగింది ఆ పిల్ల. అవన్నీ ఉతికి దండెం మీద వేసి ఉన్నాయి, ఒక్కటీ ఆరలేదు. బాలకిషన్ షెడ్డులోకి పోయాడు. అక్కడ చుట్టలు చుట్టలుగా నాలుగు వందల మీటర్ల తెల్లబట్ట ఉంది. అది కొత్తది, ముట్టుకోలేదు. బుట్టలోంచి శుభ్రమైన చింది ఒకటి తీసుకున్నాడు. అది కొత్తదీ కాదు, కట్టినదీ కాదు. రివాజు తప్పలేదనుకున్నాడు. ఆ తొందరలో ఆయనకు అంతకు మించి ఏమీ తోచలేదు.

మరునాడు వాడలోని ఆడవాళ్ళు పరామర్శకు వచ్చారు. రచన చాప మీద, మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళందరూ ఒక్కో మాట అన్నారు. రుణం తీరిందని ఒకరు. దేవుడికి ఇష్టమైందని ఒకరు. అందరూ అన్నాక గుమ్మంలో ఉన్న బాలకిషన్ వైపు చూశారు. ఆయన ఏమీ అనకపోతే ఆ పరామర్శ పూర్తయినట్టు కాదు.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మనసు గట్టిజేసుకో బిడ్డా. మొదటి జానెడు ఎవలకూ మంచిగ రాదు. ఆయనకే రాలే. ఎన్ని గ్రహాలు పాడైనంక భూమి అయ్యింది? మల్ల వచ్చేది బంగారమసొంటి బట్ట."

ఆడవాళ్ళు తలలూపారు. ఎంత చక్కగా చెప్పాడని ఒకామె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. రచన మెల్లగా తలెత్తింది.

"మామా. చిందిని ఏం చేస్తరు?"

యాభై ఏళ్ళ నోరు. అడగగానే జవాబిచ్చేసింది.

"నూనె తుడుస్తం."

అన్నాక ఆయనకు తెలిసింది. అప్పటికే ఆలస్యమైంది.

"నా పొల్లను ఏంట్ల చుట్టి తీస్కపోయిండ్రు?"

ఆడవాళ్ళు గంగవ్వ వైపు చూశారు. చివరికి గంగవ్వే అందుకుంది. "ఇరవై ఒకటి నిండలే గదనే. కొత్తది ఎయ్యద్దు గద. మీ మామ షెడ్డులకెళ్ళి..."

"నాలుగు వందల మీటర్లున్నది అత్తా ఇంట్ల," అంది రచన. ఏడవలేదు. "చింది తెచ్చి చుట్టిండ్రా? నూనె తుడిచేదా?"

ఆ సాయంత్రం రచన సంచి సర్దుకుంది. రేపు కోరుట్ల పోతానని మధుకర్‌తో చెప్పింది. మళ్ళీ ఎప్పుడొస్తావని అతను అడిగితే, సంచి జిప్పు లాగింది.

*

మూడు రోజులు తిరగకుండా చావింట్లో సాంచ నడపరు. బాలకిషన్ నడిపాడు. ఆ సాయంత్రమే, కోడలు సంచి సర్దుకుంటుండగానే, షెడ్డు తలుపు లోపలి నుంచి వేసుకున్నాడు. మూడో సాంచ మీద కొత్త భీము అతికి సిద్ధంగా ఉంది.

ఆయన మనసులో ఉన్నది ఒక్కటే. మొదటి జానెడు మంచిగా దించాలి. దాన్ని తీసుకుపోయి కోడలి ముందు పరవాలి. నేను చెప్పింది అబద్ధం బిడ్డా, చూడు, మొదటిది కూడా మంచిగా వస్తుంది అనాలి.

ఒక్కో పోగునూ వేలితో తట్టి చూశాడు. వదులుగా ఉన్నదాన్ని బిగించాడు, బిగుసుకున్నదాన్ని వదిలాడు. స్విచ్చు వేయకుండా చక్రాన్ని చేత్తో తిప్పుతూ పేక పోగు తర్వాత పేక పోగు వేశాడు, చిన్నప్పుడు గుంటమగ్గం మీద నేసినట్టు. జానెడు దిగింది. వెలుతురుకు పట్టాడు. ఎడమ అంచున జల్లెడ. కోశాడు. మళ్ళీ బిగువు చూసి మళ్ళీ దించాడు. మధ్యలో దట్టంగా ఒక చార. కోశాడు. మూడోసారి మంచిగా వచ్చింది. కానీ అది మొదటిది కాదు.

ఇక చేసేదేమీ లేక స్విచ్చు వేశాడు. మీటరు బట్ట దించాడు, కత్తిరించి మడతపెట్టాడు. పారేసిన రెండు ముక్కలూ బుట్టలోకి ఎట్లా పోయాయో ఆయనకు గుర్తు లేదు. చేతికి అలవాటు.

తెల్లారితే ఇరవై ఒకటో రోజు. పిల్ల ఉండి ఉంటే తొట్టెలో వేసి కొత్తబట్ట తొడగాల్సిన రోజు. పొద్దున్నే బాలకిషన్ తలస్నానం చేసి, ఆ మడత చేతిలో పట్టుకుని కోడలి ముందు నిలబడ్డాడు.

"బిడ్డా, ఇయ్యాల ఇరవై ఒకటి. పొల్లకు కొత్తబట్ట కప్పుదాం. నువ్వు గూడ రా."

గంగవ్వ అడ్డం వచ్చింది. "ఆడమనిషిని ఆడికి తీస్కపోతవా? ఏం పుట్టింది నీకు?"

"తప్పు నాది. పాపం నాకే తాకుతది. జరుగు."

రచన ఒక్క క్షణం ఆయన్నూ ఆ బట్టనూ చూసింది. షెడ్డులోకి పోయి వచ్చింది. సంచి తీసుకుని ఆగయ్య ఆటోలో ఎక్కింది. ఆగయ్య పాటల డబ్బా బంద్ చేశాడు.

*

మానేరు ఒడ్డున పసిపిల్లల గోరీలకు గుర్తులుండవు. కుక్కలు తవ్వకుండా తుమ్మకంప వేసి నాలుగు రాళ్ళు పెడతారు, అంతే. బాలకిషన్ పెట్టిన కంప అట్లాగే ఉంది. రచన దాని పక్కన కింద కూర్చుంది. ఆమె రవికె పాలతో తడిసి ఉంది. బాలకిషన్ చూపు తిప్పుకున్నాడు.

ఆయన వంగి కంప జరిపి బట్ట పరచబోయాడు. రచన చెయ్యి అడ్డం పెట్టింది. కొంగులోంచి ఒక ముక్క తీసింది. నిన్నటి మొదటి జానెడు. ఎడమ అంచున జల్లెడ.

"నిన్న తలుపేసుకొని ఇది నేసినవా?"

"మంచిగ దించుదామని జూసిన. రాలే."

"మామా, ఒక్క మాట అడుగుత. మా బడిల చెప్పనీకి గాదు, నాకే. గా గ్రహాలు చిందులు, మనది మంచి బట్ట అన్నవు. మనం నిలవడ్డది మంచి బట్టనే అని నీకు ఎవలు చెప్పిండ్రు? చింది మీద పుట్టినోనికి చిందే బట్టలెక్క కొడుతది గదా. అసలు బట్ట ఇంకెక్కడనో దింపుకొని, మనలను గిట్ల పారేసిండేమో."

బాలకిషన్ పరచబోయిన బట్టను మళ్ళీ మడిచాడు.

"సరే, అది ఇడిసిపెట్టు. ఈమె చిందా?"

"కాదు బిడ్డా. నోరు జారిన. ఈమె చింది కానే కాదు."

"చింది కాదంటే ఆయన చెయ్యి తప్పలేదన్నట్టు. చెయ్యి తప్పకపోతే తెలిసే చేసిండన్నట్టు. పంతొమ్మిది దినాలకు సరిపోయేటంత గుండెను కొలిచి పెట్టిండా? చెప్పు మామా. ఆయన పని రానోడా, పాపిష్టోడా? నువ్వు చెప్పింది ఇంటా."

మానేరులో నీళ్ళు పాయలుగా పారుతున్నాయి. అవతల ఎవరో ట్రాక్టరులో ఇసుక నింపుతున్నారు. బాలకిషన్ ఆ రెండు మాటలనూ లోపల తిప్పి తిప్పి చూశాడు. దేవుడికి పని రాదంటే, యాభై ఏళ్ళు తాను మొక్కిన చెయ్యి తన చెయ్యిలాంటిదే. పని వచ్చంటే, ఆ చెయ్యిని ఇక మొక్కలేడు. మూడో దారి కోసం వెతికాడు. ఎప్పుడూ ఏదో ఒకటి దొరికేది.

"తెల్వదు బిడ్డా," అన్నాడు.

అప్పుడు మాత్రమే రచన ముఖం కిందికి కుంగిపోయింది.

"గీ మాట నిన్న చెప్తే అయిపోతుండె గద మామా," అంది.

ఏడ్చింది. బాలకిషన్ నిలబడే ఉన్నాడు. ఆగయ్య దూరంగా ఆటో అద్దం తుడుస్తూ ఉన్నాడు, తుడిచిందే తుడుస్తూ.

ఏడుపు ఆగాక ఆమె లేచింది. కొత్తబట్టను పరచనివ్వలేదు. "వద్దు. చలి వెట్టినప్పుడు ఇయ్యలే, ఇప్పుడు ఎందుకు?" అంది. ఆ జానెడు చిందిని మట్టికి ఒకసారి తాకించి, మళ్ళీ మడిచి తన సంచిలోనే పెట్టుకుంది. కంపను తానే సరిచేసింది. ముల్లు గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకుంది.

"ఆగయ్య మామా, కోరుట్ల బస్సు ఎక్కియ్యి."

బాలకిషన్ ఆటో ఎక్కలేదు. మీటరు బట్ట చంకలో పెట్టుకుని నడిచి ఇంటికొచ్చాడు.

నాలుగో రోజున సాంచాలు నడిపించడానికి మధుకర్ షెడ్డు తెరిచాడు. తండ్రి అప్పటికే లోపల ఉన్నాడు. మూడో సాంచ కింద కూర్చుని ఇరుసుకు కారిన నల్లటి నూనె తుడుస్తున్నాడు. మధుకర్ దగ్గరికి పోయి చూశాడు. చింది కాదది. నాలుగు అంచులూ సమంగా, ఎక్కడా ఒక్క పోగు తప్పని ఆ మీటరు తెల్లబట్ట.

"బాపు! గది మంచి బట్టనే!"

"ఎట్ల తెలుసు నీకు?" అన్నాడు బాలకిషన్.

కొడుకు జవాబు కోసం కొంచెంసేపు చూశాడు. నిజంగానే అడిగాడు ఆయన. ఆ తర్వాత బట్టను మరో మడత తిప్పి, శుభ్రంగా ఉన్న వైపుతో తుడవడం మొదలుపెట్టాడు.