అమ్మ ముక్కు

కళ్ళజోళ్ళ షాపులో పొద్దున్నే మొదటి పని అద్దాలు తుడవడం. కౌంటరు మీద గుండ్రటివి, గోడలకి నిలువుటద్దాలు, తలుపు పక్కన మెడ తిప్పే అద్దం ఒకటి. చిలక అవన్నీ వరసగా తుడుచుకుంటూ వచ్చేది. ఎక్కడ మరకుందో చూసేది గాని లోపల ఎవరున్నారో చూసేది కాదు.

చిలక ఆవిడ అసలు పేరు కాదు. మధ్యలో ఎముక లేచి, కొస కిందికి వంగిన ఆ ముక్కుని చూసి బళ్ళో పెట్టారు. అది ఎంతగా అతుక్కుపోయిందంటే, పెళ్ళయిన కొత్తలో మొగుడు కూడా ముద్దుగా అలాగే పిలిచాడు. తర్వాత్తర్వాత ముద్దు తగ్గింది, పేరు మిగిలింది.

ఆ ఏడు షాపు ఓనరు పెద్ద రోడ్డు మీదకి మారాడు. కొత్త లైట్లు, కొత్త సోఫాలు, కౌంటరు వెనక కొత్తమ్మాయి.

"నువ్వు లోపల లెన్సుల గదిలో ఉండమ్మా" అన్నాడు చిలకతో.

"నా పని బాలేదా సార్?"

"పనికేం, బంగారం. కానీ జోడు పెట్టుకున్నవాడు అద్దంలో తన మొహం చూసుకుంటాడు. తలెత్తితే నీ మొహం చూస్తాడు. అర్థం చేసుకోవాలి మరి."

చిలక అర్థం చేసుకుంది. చిన్నప్పటి నుంచీ ఆవిడ చేస్తున్న పనే అది. లెన్సులు అరగదీసే మిషను ముందు కూర్చుని, తెల్లటి పొడి రాలుతుంటే చూస్తూ, ముక్కు సరిచేయించుకోవాలని ఆ వారమే అనుకుంది.

అయితే వాళ్ళింట్లో అది అంత తేలిగ్గా తేలే పని కాదు. ఆ ఇంటి రక్తంలో ఎవరి మొహం మీద నుంచి ఏది తీసేసినా అది ఎక్కడికీ పోదు. ఆ సమయానికి ఇంటి కప్పు కింద ఉన్న సొంతవాళ్ళలో ఒకరికి చేరుతుంది. ఎవరూ లేకపోతే తీసిన చోటికే వచ్చేస్తుంది. అమ్మమ్మ గడ్డం మీద పులిపిరి కాల్పించుకుంటే ఆ సాయంత్రానికి పెద్ద మామయ్య గడ్డం మీద లేచింది. ఆయన ఇంటికి తాళం వేసి వెళ్ళి కాల్పించుకున్నాడు. తిరిగొచ్చి తాళం తీసేసరికి పులిపిరి మళ్ళీ తయారు. కొన్ని ఇళ్ళలో వానొస్తే గోడ చెమ్మగిల్లినట్టు, వాళ్ళింట్లో ఇదీ ఒకటి.

ఈ ముక్కు కూడా చిలకతో పుట్టింది కాదు. వాళ్ళమ్మది. చిలక ఒకటో తరగతిలో ఉండగా అమ్మకి పెద్ద హోటల్లో, వచ్చేవాళ్ళని నవ్వుతూ పలకరించే ఉద్యోగం దొరికేలా ఉంది. మొహం ఒక్కటే అడ్డం. అమ్మ ఆస్పత్రికి వెళ్ళింది. చిలక ఆ రోజు జ్వరంతో బడి మానేసి ఇంట్లో పడుకుంది. లేచి నీళ్ళు తాగబోతే గ్లాసు అంచు ముక్కుకి తగిలింది. ఏడ్చింది. అమ్మ కట్టుతో ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి కూతుర్ని ఒకసారి చూసి, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తర్వాత ఎప్పుడు ఎత్తుకున్నా చిలక మొహాన్ని భుజం అవతలికి తిప్పి ఎత్తుకునేది.

"మీ నానమ్మకి పోతుందనుకున్నానే. అప్పుడు ఇంట్లోనే ఉందిగా" అనేది ఎవరన్నా అడిగితే. నానమ్మకి అమ్మతో రక్తసంబంధమేమిటని ఎవరూ ఎదురు అడగలేదు. అంత అందగత్తెని నిలదీయడం ఎవరికీ చేతకాదు. డెబ్బై దగ్గర పడుతున్నా అమ్మ వీధిలో నడుస్తుంటే జనం పక్కకి జరిగి దారిస్తారు.

ఇల్లు అమ్మదే. అందులోనే చిలక, ఏసీలు బాగుచేసే మొగుడు, పదేళ్ళ పాప. పాప ముక్కు సన్నగా, నిటారుగా ఉంటుంది.

విషయం భోజనాల దగ్గర ఎత్తింది చిలక.

"నాకు రానీ. ఏసీ చూస్తారు గాని నా మొహం ఎవడు చూస్తాడు?" అన్నాడు మొగుడు.

"మీకు రాదుగా. మీది వేరే రక్తం."

"ఇంత కాపురం చేసినా వేరే రక్తమేనా" అని పెరుగు కలుపుకున్నాడతను.

పాప పళ్ళెంలోంచి తలెత్తి, "నాకొస్తుందా?" అంది.

"రాదు. ఆ రోజు నువ్వు అత్త వాళ్ళింట్లో ఉంటావు."

అందరూ అమ్మ వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించారు. అమ్మ మూతి తుడుచుకుంది. "నేనుంటాలే ఇంట్లో. నాదే కదా, నా దగ్గరికే రానీ. ఈ వయసులో నాకెందుకే ఇంకా అందం."

చిలక లేచి వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పింది, ఏడుపు వినపడకుండా. అమ్మ తనకి ఏదైనా ఇస్తాననడం అదే మొదలు.

డాక్టరు కూడా షుగరుందా, బీపీ ఉందా అని అడిగిన వరసలోనే, "ఆ సమయానికి ఇంట్లో ఎవరుంటారు?" అని అడిగాడు.

"మా అమ్మ."

"ఒప్పుకున్నారా?"

"తనంతట తనే అంది."

ఆ రోజు పొద్దున్నే పాపని వదిన వాళ్ళింట్లో దింపి, మొగుడూ పెళ్ళాలు ఆస్పత్రికి వెళ్ళారు. డాక్టరు చిలక ముక్కు మీద నీలం పెన్నుతో గీతలు గీశాడు. ఎముక దగ్గర రెండు, కొస దగ్గర ఒకటి. లోపలికి తీసుకెళ్ళే ముందు అమ్మతో ఒక మాట మాట్లాడాలనిపించింది చిలకకి. ఏం మాట్లాడాలో తెలీదు. భోంచేశావా అని అడగాలనుకుంది, అంతే.

ఫోను పాప ఎత్తింది.

"నువ్వేంటే ఇంట్లో?"

"అమ్మమ్మ వచ్చి తీసుకొచ్చింది. ఒక్కతే ఉండటానికి భయంగా ఉందంట."

"ఏదీ, అమ్మమ్మకివ్వు."

"లేదు. మామయ్య వాళ్ళింటికి వెళ్ళింది. తలుపేసుకుని బొమ్మలేసుకోమంది, ఎక్కడికీ వెళ్ళొద్దంది."

చిలక మంచం దిగింది. నర్సు చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. ఆస్పత్రి గౌను మీద మొగుడి చొక్కా తొడుక్కుని, ముక్కు మీద నీలం గీతలతోనే ఆటో ఎక్కింది. మొగుణ్ణి పాప దగ్గరికి పంపించి, తను తమ్ముడి ఇంటికి వెళ్ళింది.

అమ్మ అద్దం ముందు కూర్చుని జుట్టుకి రంగు వేసుకుంటోంది. గీతలు చూసింది. పని కాలేదని అర్థమైంది. దువ్వెన కింద పెట్టింది.

"మాటిచ్చావు కదమ్మా."

"ఇచ్చాను. పొద్దున లేచి అద్దంలో చూసుకున్నాను. ఇవ్వలేకపోయాను."

"అది పసిపిల్ల."

"అందుకే. నాకింక ఎన్నాళ్ళే? ఈ మొహంతోనే పోనీ నన్ను. దానికి ముందు బోలెడంత జీవితం ఉంది, అలవాటు పడిపోతుంది." అమ్మ గొంతులో కోపం లేదు, సిగ్గూ లేదు. సర్దిచెబుతున్నట్టే ఉంది. "నువ్వు పడలేదూ?"

చిలక గోడకి ఆనుకుంది. జ్వరం రోజు అమ్మ తన నుదురు తాకి చూసి, దుప్పటి కప్పి, గదికి బయట గొళ్ళెం పెట్టి వెళ్ళడం గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ ఆ గొళ్ళెం తన మంచికే అనుకుంది.

అరుస్తుందని అమ్మ ఎదురుచూసింది. చిలక అరవలేదు. "పద, ఇంటికి పోదాం" అంది. అమ్మకి ఎంత హాయిగా అనిపించిందంటే, దారిలో ఐస్‌క్రీం కొనిపెట్టింది. చిలక తిన్నది కూడా.

తర్వాత చలికాలంలో బడివాళ్ళు పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్ళారు. పాప బస్సెక్కి చెయ్యి ఊపింది. ఆ రోజే చిలక లంచిబాక్సు కట్టుకుని, షాపుకి వెళ్తున్నానని చెప్పి బయల్దేరింది. అమ్మ మడమ బెణికి పక్క మీదే ఉంది.

"అత్తయ్యకి చెప్పావా?" అన్నాడు మొగుడు స్కూటరు ఆపి.

"నాకెవరన్నా చెప్పారా?"

అతను స్కూటరు మళ్ళీ స్టార్ట్ చేశాడు.

డాక్టరు మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు. ఇంట్లో ఎవరున్నారు, ఒప్పుకున్నారా అని. "తనంతట తనే అంది" అంది చిలక. అబద్ధం కాదది. ఎప్పుడన్నదో ఆయన అడగలేదు.

కట్టుతో ఇంటికొచ్చేసరికి అమ్మ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. చేతుల్లో మొహం దాచుకుని ఉంది. చేతులు తీసింది. ఆ ముక్కు ఎక్కడి నుంచి బయల్దేరిందో అక్కడికే వచ్చి కూర్చుంది. ఆ మొహంలో మిగతావన్నీ దాన్ని చూసి కొంచెం వెనక్కి తగ్గినట్టున్నాయి. చిలక ఈ క్షణం కోసమే లోపల ఎన్నో మాటలు దాచుకుంది.

"మడమ ఎలా ఉంది?" అని మాత్రం అడిగింది.

అమ్మ మళ్ళీ మొహం కప్పుకుంది. చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అద్దాల మీద తువ్వాళ్ళు కప్పింది.

కట్టు విప్పాక చిలక షాపుకి వెళ్ళింది. ఓనరు తేరిపార చూశాడు. "ఏదో మారింది. జుట్టు కత్తిరించావా?" అన్నాడు. ముందు కౌంటరు సంగతి అడిగితే, కొత్తమ్మాయి బాగానే చేస్తోందిగా, ఇప్పుడెందుకు కదపడం అన్నాడు. చిలక లెన్సుల గదిలోకి వెళ్ళి మిషను ఆన్ చేసింది.

అంతకుముందు, కట్టు ఇంకా ఉండగానే, విహారయాత్ర నుంచి వచ్చిన నాడు పాప గుమ్మంలోనే ఆగిపోయింది. చిలక కేసి చూసింది. కట్టు కింద ఎవరున్నారో తెలియనట్టు చూసింది. చిలక చేతులు చాపితే మర్యాదగా వచ్చి, మర్యాదగా వెళ్ళిపోయింది. ఆ తర్వాత అమ్మమ్మ గదిలోకి తొంగిచూసింది. ముసలావిడ గోడ వైపు తిరిగింది. పాప మంచమెక్కి, చుట్టూ తిరిగివెళ్ళి, ఆ మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

ఆ చలికాలం నుంచి వేసవంతా పాప అమ్మమ్మని వదల్లేదు. హోంవర్కు అక్కడే, తిండి అక్కడే. అమ్మ మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టింది. తనకి రానే రావనుకున్న కథలు చెప్పింది. ఒకరోజు చిలక విన్నది, అమ్మ పగలబడి నవ్వడం. హోటల్లో నవ్విన నవ్వు కాదది. అలాంటిది చిలక ఎప్పుడూ వినలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పాప కోసం పుచ్చకాయ ముక్కలు కోసి పట్టుకెళ్ళింది చిలక. గదిలో ఫ్యాను తిరుగుతోంది. పాప అమ్మమ్మ గుండెల్లో తలపెట్టుకుని, రెండు వేళ్ళతో ఆ ముక్కు ఎముకని పట్టుకుని పడుకుంది. అమ్మ పాప మొహాన్ని భుజం అవతలికి తిప్పలేదు. కదలకుండా, ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకుంటూ ఉంది.

చిలక గుమ్మం దాటబోయింది.

అమ్మ పెదవుల మీద వేలు పెట్టుకుంది. "ష్. ఇప్పుడే పడుకుంది. తర్వాత రా."