థర్మోకోల్ కొండ

"అమ్మా, దీన్ని కాస్త చూస్తూ ఉండు. నీకెలాగూ పెద్ద పనేముందిలే" అంటూ మా ఆయన ఆ గాజుపెట్టెను హాల్లో బల్లమీద పెట్టేసరికి అత్తయ్య స్టవ్ గట్టు తుడుస్తోంది. నేను ఆఫీసుకి టైమైపోతోందని డబ్బాలు సర్దుతున్నాను. మామయ్య తన కళ్ళజోడు ఎక్కడుందో వెతికిపెట్టమని గదిలోంచి కేకేస్తున్నారు. అత్తయ్య గుడ్డ పక్కన పడేసి, కళ్ళజోడు వెతికి ఇచ్చి, అప్పుడొచ్చి చూసింది. పెట్టెలో ఒక తొండ. కంచెలమీద కనిపించే రకం కాదు. మూరెడు పొడుగు, ఇసుక రంగు, గడ్డం కింద వరసగా ముళ్ళు. ఊరు మారిపోతున్న స్నేహితుడెవరో ఇచ్చి వెళ్ళాడట.

కొన్నాళ్ళు మా ఆయన దానితో ఫొటోలు దిగాడు. తర్వాత మా ఇంట్లో మిగతా పనులన్నీ ఎలా చేరాయో అదీ అలాగే అత్తయ్య చేతికి చేరింది. డబ్బాలో అమ్మే కీచురాళ్ళని పట్టకారుతో పట్టి పెట్టడం, కింద పరిచిన కాగితం మార్చడం, పెట్టెలో వెచ్చదనం కోసం పెట్టిన దీపం వెయ్యడం, ఆర్పడం. కింద తుడుస్తున్నా కాలు కూడా ఎత్తకుండా కూర్చుంటుందని దానికి 'దొరగారు' అని పేరు పెట్టింది. "ఇద్దరు ఉండనే ఉన్నారు, వీడు మూడోవాడు" అని నా చెవిలో అంటే, నోట్లో కాఫీ పొలమారింది నాకు. పెళ్ళై వచ్చాక ఆవిడ జోకు వెయ్యడం నేను వినడం అదే మొదలు.

కానీ దొరగారికి ఏదో బాగాలేదు. తిండి తగ్గించేశాడు. పొద్దస్తమానం గాజుకేసి గోకుతూ, ముక్కు రాసుకుంటూ నిలబడేవాడు. ముక్కు చివర తోలు లేచిపోయింది. మా ఆయన్ని అడిగితే "చూద్దాంలే" అన్నాడు. అత్తయ్య బుట్టలో పెట్టుకుని తనే జంతువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ మందు రాసి, "జబ్బేం లేదండీ. ఎక్కడానికి లేదు, దాక్కోవడానికి లేదు. ఒకవైపు వెచ్చగా, ఒకవైపు చల్లగా ఉండే చోటు కావాలి దీనికి. ఖాళీ గాజుపెట్టెలో ఎవరికైనా పిచ్చెక్కదూ?" అందట. ఈ మాట అత్తయ్య నాకు చెప్పి, చెప్పాక కూడా చాలాసేపు ఆ పెట్టెకేసే చూస్తూ కూర్చుంది.

మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి, కొత్త ఫ్రిజ్‌తో వచ్చిన థర్మోకోల్ అంతా అటకమీంచి దిగి బాల్కనీలో ఉంది. దాని మధ్య అత్తయ్య, కూరలు తరిగే కత్తితో. జుట్టునిండా తెల్ల పూసలు. ముక్కలు ఒకదానిమీద ఒకటి అంటించి, అంచులు కోసి, అరలు అరలుగా ఒక గుట్ట తయారుచేసింది. "ఎలా ఉంది?" అంది. నిజం చెప్పాలా వద్దా అని ఆలోచించి, "కేకులా ఉంది అత్తయ్యా" అన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు. తల పక్కకి వాల్చి చూసింది. "అవును. రాయిని ఎవరూ కొయ్యరు కదా. అది విరుగుతుంది" అంది. కత్తి పక్కన పెట్టి, వేళ్ళతో ఒక అంచు పట్టుకుని ఫెళ్ళున విరిచింది. విరిగినచోట గరుకుగా, వంకరగా, అచ్చం రాతి పగులు. మా ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

తన పుట్టింటి వెనక రాతిగుట్ట ఉండేదట. అక్కడ ఆవిడ ఎక్కని బండ లేదట. లంగా ఎగదోపుకుని పైకెక్కితే మధ్యాహ్నం ఎండకి బండ వెచ్చగా, దాని వెనక నీడలో చేతికి చల్లగా తగిలేదట. "పెద్దమనిషినయ్యాక ఎక్కనివ్వలేదు. కిందనుంచి చూసేదాన్ని" అంది, తీగ బ్రష్‌తో వానచారలు గీస్తూ. ఏ చార ఎటు జారాలో, ఎక్కడ నీళ్ళు ఆగి గుంట పడాలో చెయ్యి తడుముకోవడం లేదు. ఇన్నేళ్ళు పోపుల డబ్బా కోసమే చాచడం చూసిన చెయ్యి అది. నేను బ్యాగు కూడా దించకుండా చూస్తూ నిలబడిపోయాను.

మొదటి పూత పాడైంది. టైల్స్ సందుల్లో నింపే పొడి నీళ్ళలో కలిపి మందంగా పూసి ఎండలో పెడితే, ఆరి, అప్పడంలా పగిలి పెచ్చులూడింది. మామయ్య పేపరు దించి చూసి, "ఈ వయసులో బొమ్మరిల్లు ఆటేమిటే నీకు? చేసేవాళ్ళు చెయ్యాలి ఇలాంటివి" అన్నారు. అత్తయ్య పెచ్చులన్నీ చేటలోకి ఎత్తి, మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పల్చగా, నీడలో, మధ్యమధ్య నీళ్ళు చిలకరిస్తూ. ఒక పూత ఆరాకే ఇంకో పూత. ప్రతి పూతలోనూ రంగు కొంచెం మార్చేది. గుహ తవ్వాక తన చెయ్యి మోచేతిదాకా దూర్చి చూసుకుని, చాలదని వెనకవైపు ఇంకో దారి తెరిచింది. "దాక్కోవాలి నిజమే, కానీ జబ్బుచేస్తే నేను అందుకోవాలి కదా" అంది. దీపం కింద మాత్రం, వేడికి థర్మోకోల్ కరుగుతుందని, నిజం నాపరాయి ముక్క పెట్టింది.

ఇంతకీ అసలు సంగతి చెప్పలేదు. ఆవిడ బాల్కనీలో ఉన్నంతసేపూ ఆవిడ వదిలేసిన పనులు ఎవరు చేశారని? నేనే. పొద్దున వంట, సాయంత్రం వంట, మామయ్య మందులు, మడతపెట్టని బట్టలు. ఒకరోజు అంట్లు తోముతూ గిన్నె కాస్త గట్టిగా పెట్టాను. మా ఆయన వెంటనే అందుకున్నాడు. "పాపం, అమ్మ ఆటలకి నువ్వు బలైపోతున్నావు. నేను చెప్తాన్లే అమ్మకి." నా మీద జాలి! ఆ జాలిపడే మనిషి తిన్న కంచం సింకులోనే ఉంది. కోపం ఎవరిమీద చూపించాలో తెలియక, నురగ చేతులతో అలా నిలబడ్డాను. ఆయన అటు వెళ్ళగానే అత్తయ్య వచ్చింది. అంతా విన్నట్టుంది.

"అమ్మాయ్, నీ నెత్తిన పడేసి నేను కొండ కట్టుకుంటే ఏం బావుంటుంది? నా పని తగ్గలేదు, చేతులు మారింది అంతే" అంది.

"మానెయ్యకండి అత్తయ్యా" అన్నాను. "అది మాత్రం మానెయ్యకండి."

"మానను" అంది. "నువ్వూ రా."

ఆ ఆదివారం చివరి పూత. అత్తయ్య పొడి కలిపింది, నేను బ్రష్ పట్టాను. కలిపాక ఆగేది కాదు అది, గట్టిపడిపోతుంది. నేను ముదురు రంగు పగుళ్ళలోకి దింపుతుంటే ఆవిడ తడిగుడ్డతో పైపైన తుడుస్తోంది. థర్మోకోల్ మా కళ్ళముందే రాయవుతోంది. భోజనాల వేళ మామయ్య గుమ్మంలో నిలబడ్డారు, వెనకాల ఆయన కొడుకు.

"ఏమే, అన్నం ఎవరు పెడతారు?"

అత్తయ్య తల ఎత్తలేదు. "ఎవరి చేతులు ఖాళీగా ఉంటే వాళ్ళు" అంది.

గొంతు పెంచలేదు, నవ్వలేదు. మామయ్య తన చేతులకేసి చూసుకోవడం నేను చూశాను. కాసేపటికి వంటింట్లో మూతలు చప్పుడయ్యాయి. "గరిటె ఎక్కడుంటుంది?" అని ఒక కేక. మేమిద్దరం పూత ఆపలేదు. వెతుక్కున్నారు.

పూతలోని ఘాటంతా పోయేదాకా నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, కొండని పెట్టెలో దింపాం. దొరగారు ఒక మూల నక్కి చాలాసేపు చూశాడు. తర్వాత నాలుక ఒకసారి ఆనించి, ఒక్కో అరమీద కాలు వేస్తూ పైదాకా ఎక్కి, నాపరాతి మీద పొట్ట ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అత్తయ్య చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో నేను అడగలేదు. ఆ తర్వాత గాజు గోకడం మానేశాడు. ముక్కుమీద కొత్త తోలు వచ్చింది.

తొండని ఇచ్చి వెళ్ళిన స్నేహితుడి ద్వారా తెలిసి, పెంపుడు జంతువుల దుకాణం నడిపే ఆవిడ ఒకరు చూడ్డానికి వచ్చారు. పెట్టె ముందు వంగి, గుహలోకి తొంగిచూసి, వానచారల వెంట గాజుమీదే వేలు జరుపుతూ, "ఇది ఎవరు చేశారండీ? మా దుకాణంలో పెద్ద పెట్టెకి ఇలాంటిదే కావాలి" అన్నారు. మా ఆయన సోఫాలో వెనక్కి వాలి, "అమ్మేనండీ. కాలక్షేపానికి. మీకు కావాలంటే ఊరికే చేసిపెడుతుందిలెండి" అన్నాడు.

ఇంటికెవరొచ్చినా అత్తయ్య వంటింటి గుమ్మం దగ్గరే నిలబడుతుంది. అక్కడినుంచి హాల్లోకి వచ్చింది. "కాలక్షేపం టీవీరా" అంది కొడుకుతో. "ఇది పని." ఆ దుకాణం ఆవిడకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని, "మీ పెట్టెలో ఉండేది ఏం జంతువండీ? ఎక్కేదా, తవ్వుకునేదా? ముందు అది చెప్పండి" అని అడిగింది.

నేను కాఫీ ట్రే పట్టుకుని అక్కడే ఉన్నాను. దాన్ని మా ఆయన చేతుల్లో పెట్టి, అత్తయ్య పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.