సైరన్ మోగని నాలుగు నిమిషాలు

నేను రొయ్యలు ఒలుస్తుంటే మిషను ఆగిపోయింది.

పొద్దున్నే మా అత్తగారు నాగమణి గారు కిలో రొయ్యలు తెప్పించి గట్టు మీద పెట్టారు. “ఇంట్లోనేగా కూర్చుంటావు అమ్మాయ్. ఆ కంప్యూటరు దాని పని అది చేసుకుపోతుందిగా,” అన్నారు. నిజానికి నేను పనిచేసే మిషను మా ఇంట్లో లేదు. పేరు తెలియని ఏదో ఊళ్ళో, ఎవరిదో కంపెనీ హాల్లో ఉన్న పెద్ద కంప్యూటర్లో ఒక వాటా అది. వర్చువల్ మిషన్ అంటారు. దాని బాగోగులన్నీ ఆ కంపెనీ వాళ్ళవే. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు లేపాలో వాళ్ళిష్టం. పెందుర్తిలో మా రెండో అంతస్తు కిటికీ పక్కన కూర్చుని, నేను దాని మీద సాఫ్ట్‌వేర్ కూర్చి, నడిపించి, తప్పులు వెతుకుతాను. వేళ్ళకి నీచు వాసన కొడుతున్నా కళ్ళు మూసుకుంటే ఆ హాలు కనిపిస్తుంది నాకు. చల్లగా ఉంటుంది. వరసలుగా నీలం దీపాలు మినుకుమినుకుమంటుంటాయి. దూరంగా సముద్రం ఊపిరి తీస్తున్నట్టు ఒకటే హోరు. అక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరూ ఉండరు.

చేతులు కడుక్కుని వచ్చేసరికి తెర బిగుసుకుపోయి ఉంది. నాలుగు నిమిషాల తర్వాత, మధ్యలో ఏమీ జరగనట్టే లేచింది. ఏదో మరమ్మతు కోసం కాసేపు ఆపామని ఆ కంపెనీ నుంచి ఒక ముక్క మెసేజీ వచ్చింది.

ఆ సాఫ్ట్‌వేర్ పరవాడలో ఒక మందుల ఫ్యాక్టరీకి. గాలిలో విషవాయువు హద్దు దాటితే సైరన్ మోగాలి. పరీక్ష కోసం నేను పంపిస్తున్న అంకెల్లో వాయువు సరిగ్గా ఆ నాలుగు నిమిషాల్లోనే హద్దు దాటి, మళ్ళీ తగ్గింది. నిద్రలేచిన మిషను ఆ అంకెలు చూసి, పాతవిలే అని పక్కన పడేసింది. సైరన్ మోగలేదు.

మా టీమ్ లీడ్ మణికంఠకి ఫోన్ చేశాను. హైదరాబాద్ ఆఫీసులో ఉంటాడు.

“అది మిషను ఇచ్చినవాళ్ళ గొడవండీ. మన కోడ్‌లో తప్పు లేదు. ఇంకోసారి నడిపి పాస్ కొట్టేయండి.”

“ఫ్యాక్టరీలో కూడా ఇది ఇలాంటి అద్దె మిషను మీదే నడుస్తుంది కదండీ? అప్పుడూ ఆపుతారు కదా?”

“ఇంద్రజ గారూ, ఇంటి నుంచి చేసుకుంటామంటే సరేనన్నాం. దాన్ని ఎక్కువ చేసుకోకండి.”

మా ఆయన నాగవంశీ ఆ రోజు స్టీల్ ప్లాంట్‌లో డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. గాజువాకలో వాళ్ళ పిన్ని ఇంట్లో పేరంటం. “ఇంకా అవలేదా? చేత్తో ముట్టుకోలేని మిషను మీద నీకేంటి అంత పట్టింపు? పాస్ అని నొక్కేసి చీర మార్చుకో,” అన్నాడు. కోపంగా కాదు. ముద్దు చేస్తున్నట్టే. అతను నాతో గట్టిగా మాట్లాడడు. అందుకే ఇన్నాళ్ళూ ఎదురు చెప్పడానికి నాకు కారణం దొరకలేదు.

మళ్ళీ నడిపాను. ఈసారి మిషను ఆగలేదు, పరీక్ష సైరన్ చక్కగా మోగింది. పాస్ మీద వేలు పెట్టాను. కిటికీ అవతల సింహాచలం కొండ మీద మబ్బు తెల్లగా పాకుతోంది. ఆ తెలుపులో నాకు తెల్ల టోపీలు కనిపించాయి. నేనెప్పుడూ చూడని ఆడవాళ్ళు, వరసగా కూర్చుని మందుబిళ్ళలు డబ్బాల్లో సర్దుతున్నారు. మాట్లాడుకుంటున్నారు, నవ్వుతున్నారు. వాళ్ళ మీదుగా గాలి మెల్లగా రంగు మారుతోంది. ఎవరూ తలెత్తడంలేదు.

ఫెయిల్ అని నొక్కాను. ఎందుకు ఫెయిలో నాలుగు వాక్యాల్లో రాసి, ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసరు అనూరాధ గారికి కూడా పంపాను. పేరంటానికి నేను రాలేనన్నాను.

మర్నాటికల్లా మా ఆఫీసువాళ్ళు, నేను లాగిన్ కాకుండా మిషను తలుపులు మూసేశారు. మణికంఠ ఫోన్ ఎత్తలేదు. మూడు రోజులు ఇల్లంతా తుడిచాను, అటకలు సర్దాను. “ఇప్పుడు ఇల్లు ఇల్లులా ఉంది,” అన్నారు అత్తగారు తృప్తిగా. “పోనీలే, నీకూ రెస్టు,” అన్నాడు నాగవంశీ. అలసిపోయి నడుం వాలిస్తే, ఆ నీలం దీపాల హాల్లో నేనే వరస చివర ఆగిపోయి ఉన్నట్టూ, నన్ను ఎవరో లేపాలని ఎదురుచూస్తున్నట్టూ అనిపించేది.

నాలుగోరోజు అనూరాధ గారు ఫోన్ చేశారు. “మీరు రాసినట్టే మిషను ఆపి చూశామండీ. సైరన్ మోగలేదు. మీవాళ్ళ చేత సరిచేయించాం. రేపు మళ్ళీ పరీక్ష. మీరే చెయ్యాలని మీ కంపెనీకి చెప్పాను. వస్తారా?”

“పరవాడా?” అన్నాడు నాగవంశీ. “మరి మధ్యాహ్నం అమ్మకి భోజనం?”

“బియ్యం ఎక్కడున్నాయో ఆవిడకి తెలుసు. కుక్కర్ పెట్టడం మీకూ వచ్చు,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అత్తగారు టీవీ సౌండ్ తగ్గించారు.

ఫ్యాక్టరీలో అనూరాధ గారి గదిలో కూర్చుని పరీక్ష మొదలుపెట్టాను. అంకెలు పంపిస్తుండగా మిషన్ని నాలుగు నిమిషాలు ఆపించారు. మిషను లేచింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఫ్యాక్టరీ సైరనే ఎత్తుకుంది, గోడలూ నేలా నా పక్కటెముకలూ అదిరేలా. అటువైపు షెడ్డు తలుపులు తెరుచుకుని ఆడవాళ్ళు గబగబా బయటికి వచ్చేశారు. నిజంగానే తెల్ల టోపీలు. నా కళ్ళు నిండిపోయాయి.

సైరన్ ఆగాక నేనూ బయటికి వెళ్ళాను. తాయారు అని పేరు రాసిన బ్యాడ్జి పెట్టుకున్న ఒకావిడ చెవుల మీంచి చేతులు తీస్తూ అడిగింది. “ఏటమ్మా ఈ మోత? సచ్చినోళ్ళు కూడా లేసొచ్చేత్తారు. ఎవులు సేయించారిది?”

మాది శ్రీకాకుళం వైపు పల్లె. గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన అత్తవారింట్లో అడుగుపెట్టిన మొదటి వారంలోనే, అందరూ కలిసి నవ్వి నవ్వి, నన్ను నేను చెప్పుకునే మా ఊరి మాట ఒకటి నా చేత మాన్పించారు. ఆరేళ్ళుగా కలలో కూడా అది నా నోటికి రాలేదు.

“నాను,” అన్నాను.