మేరమ్మ చెప్పమన్న మాట

నా భార్య మేరమ్మ చావుకు ఆమె అన్న సత్యవేదమే కారణం. మాయాబందరులో ఎవరు ఏమనుకున్నా ఇది ఇంతే.

ఆ వేసవిలో ఆమెకు తలనొప్పి మొదలైంది. తెల్లవారితే వాంతులు. ఒకరోజు నా ముందు గ్లాసు పెట్టి, టీ మాత్రం దాని పక్కన పోసింది. బల్ల మీద నుంచి నా ఒళ్లోకి కారుతున్నా పోస్తూనే ఉంది. అప్పుడు పుట్టింది నాకు భయం.

పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్లాను. బెంగాలీ డాక్టరు ఆమె కళ్లలోకి లైటు వేసి చాలాసేపు చూశాడు. తలలో గడ్డ ఉంది, మద్రాసులో ఆపరేషన్ చేసి తీయాలి అన్నాడు. మాత్రలు ఇచ్చాడు. "యే గోలీ సూజన్ కమ్ కరేగా, బస్," అన్నాడు. వాపు తగ్గుతుంది, గడ్డ మాత్రం అక్కడే ఉంటుంది, నొప్పి పోయింది కదా అని మోసపోకండి, ముందు ఏ ఓడ ఉంటే అది ఎక్కండి అని నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు.

ఓడకు ఇంకా రోజులున్నాయని ఇంటికొచ్చాం. మాత్రలతో నొప్పి పోయింది. మా సంఘంవాళ్లు ఆమె కోసం ఉపవాస ప్రార్థన పెట్టింది కూడా ఆ వారమే. సత్యవేదం సంఘ పెద్ద. ఆదివారం ఆరాధనలో చెల్లెల్ని లేపి సాక్ష్యం చెప్పమన్నాడు. దేవుడు చేసిన మేలు అందరి ముందూ నిలబడి చెప్పడం అది. చెప్పాక వెనక్కి తీసుకోవడం ఉండదు.

"ప్రభువు నన్ను ముట్టాడు. నొప్పి లేదు," అంది మేరమ్మ. ఆడవాళ్లు ఏడ్చారు. మా అమ్మాయి లీదియా కూడా ఏడ్చింది.

సాయంత్రం నేను సంచి సర్దుతుంటే సత్యవేదం గుమ్మంలోకి వచ్చాడు.

"ఏంటి బావా, ఎక్కడికి సామాను?"

"మద్రాసుకి."

"అరే, పొద్దున్నే కదా సాక్ష్యం చెప్పింది! అదే నోటితో మాత్ర మింగి జహాజ్ ఎక్కుద్దా? దేవుడేమనుకుంటాడు?"

"దేవుడికి నేను చెప్పుకుంటాలే. పక్కకి జరుగు."

"నువ్వా! క్రిస్మస్‌కి కేక్ పెడితే తప్ప గుడి మొహం చూడవు. నువ్వెవరివో ఆయనకి గుర్తుండొద్దూ?"

మేరమ్మ నవ్వింది. నవ్వుతూనే సంచిలోంచి తన చీరలు తీసి మళ్లీ పెట్టెలో పెట్టింది.

"నొప్పి లేదు కదండీ. అన్నయ్య మాట నిజమే. అంతమందిలో చెప్పి, ఇప్పుడు ఎలా వెళ్తాను?"

బతిమాలాను. తిట్టాను. ఓడ మేము లేకుండానే వెళ్లిపోయింది. ఆమె మాత్రలు కూడా మానేసింది.

వారం తిరక్కుండానే చేపలు కడుగుతూ పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, నోట నురగ. లేచాక ఎడమ కన్ను కనపడటం లేదంది. అప్పుడు సత్యవేదం, "ఇది విశ్వాసానికి పరీక్ష బావా, ఫికర్ మత్ కరో, బెంగ పెట్టుకోకు," అన్నాడు. నేను వాణ్ణి బయటికి నెట్టాను.

ఈసారి ఓడ లేదు. ఇంజను బాగుచేస్తున్నారన్నారు. నేను జెట్టీలో పడవల తాళ్లు కట్టే పనివాణ్ణి. పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చిన ప్రతి పడవవాణ్ణీ ఓడ సంగతి అడిగేవాణ్ణి. ఇంటికొచ్చేటప్పుడు మా వాకిట్లో జనం ఉన్నారేమోనని మలుపు దగ్గర ఆగేవాణ్ణి. ఎవరూ లేకపోతే అప్పుడు నడిచేవాణ్ణి.

చివరకు ఓడ కదిలింది. సముద్రం పోటు మీద ఉంది. ఓడ ఒరిగినప్పుడల్లా ఆమె తల నా రెండు చేతుల మధ్య పట్టుకున్నాను, లోపలిది కూడా ఒరుగుతుందేమోనని. మేరమ్మ, లీదియా పాటలు పాడుకున్నారు. మేరమ్మకు భయం లేదు. ఆమె వంతు కూడా నేనే భయపడ్డాను.

మద్రాసులో ఆమెకు గుండు గీశారు. తడుముకుని, "చూడవే లీదియా, మీ నాన్న బట్టతల కన్నా నాదే నున్నగా ఉంది," అంది. అలా నవ్వుతూనే లోపలికి వెళ్లింది.

తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడేవాణ్ణి. ఎవరో ట్రే పట్టుకుని వచ్చేవారు, వెళ్లిపోయేవారు. లీదియా పెదాలు కదులుతూనే ఉన్నాయి. "నువ్వూ చెయ్యి నాన్నా," అంది. మోకాళ్లయితే వేశాను. మాట రాలేదు.

పెద్ద డాక్టరు వచ్చి గడ్డ చాలావరకు తీశామన్నాడు. మొదటి ఓడకే వచ్చి ఉంటే ఎలా ఉండేదని అడిగాను. "అది నేను చెప్పలేను," అన్నాడు. ఆయన చెప్పకపోయినా నాకు తెలుసు.

మేరమ్మకు తెలివొచ్చింది. మమ్మల్ని గుర్తుపట్టింది, గంజి తాగింది. లీదియా నన్ను వాటేసుకుంది. నేనూ నమ్మాను. నమ్మడం అదే మొదలు, అదే ఆఖరు. లీదియా టీకి వెళ్లినప్పుడు మేరమ్మ నన్ను దగ్గరకు పిలిచింది.

"మా అన్నయ్య కుమిలిపోతుంటాడండీ. ఆయన మీద నాకేమీ లేదని చెప్పండి. నేనే వద్దన్నానని చెప్పండి."

సరేనన్నాను. ఆ మర్నాడు జ్వరం వచ్చింది. మళ్లీ కళ్లు తెరవలేదు. మద్రాసులోనే మట్టి ఇచ్చాం.

మేము తిరిగొచ్చేసరికి సత్యవేదం పోర్ట్ బ్లెయిర్ జెట్టీలో నిలబడి ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. లీదియాను పట్టుకుని ఏడ్చాడు. తర్వాత నా దగ్గరకు వచ్చాడు.

"చివర్లో నన్నేమైనా అందా బావా?"

"ఏమీ అనలేదు."

ఆ తర్వాత కూడా ఎక్కడ కనపడినా అదే అడిగేవాడు. బజార్లో అడిగాడు. నేను తాళ్లు కడుతుంటే వచ్చి పక్కన కూర్చుని అడిగాడు. సంఘ పెద్దరికం వదిలేశాడు, పాట పాడటం మానుకున్నాడు. నా జవాబు మారలేదు. పోయిన వర్షాకాలం మంచం పట్టి కబురు పెట్టాడు. వెళ్లలేదు. ఆ మాట వినకుండానే పోయాడు.

సత్యవేదం సమాధి దగ్గర నుంచి వస్తూ లీదియా అడిగింది: "సచ్ బోలో నాన్నా, నిజంగా అమ్మ మామయ్య గురించి ఒక్క మాట కూడా అనలేదా?"

"లేదు," అన్నాను.

అది హిందీ బడిలో చదివింది. తెలుగు చదవలేదు. అందుకే ఇది తెలుగులో రాశాను. రాయడం అయిపోయింది. ఇక ఈ విషయం నా నోట రాదు. కూతురు అడిగినా, దేవుడే అడిగినా.