గౌరీశంకర్‌కి మళ్ళీ మైకు

సిగ్గూ ఎగ్గూ లేనివాడికి శాలువా కప్పితే ఎలా ఉంటుందో గుణుపురం గ్రౌండులో భారతీదేవి కళ్ళారా చూసింది. కేబుల్ ఛానల్ వాళ్ళు తమ పాత కామెంటేటర్ గౌరీశంకర్‌ని మళ్ళీ పిలుచుకొచ్చి, మెడలో బంతిపూల దండ వేసి మైకు ముందు కూర్చోబెట్టారు. ఏదో యుద్ధం గెలిచి వచ్చినట్టు!

ఇంతకీ ఈ మహానుభావుడి ఘనకార్యం నోటిదూల. పోయినేడు ఇదే కబడ్డీ పోటీలో, లైవులో, "ఈ అమ్మాయిల కాళ్ళు చూసి ఎద్దులే సిగ్గుపడుతున్నాయి, వీళ్ళనెవడు చేసుకుంటాడండీ?" అన్నాడు. ఆ ముక్క ఊళ్ళో ప్రతి ఫోనులోకీ పాకింది. ఛానల్ అతన్ని ఏడాది పక్కన పెడితే హాయిగా ఇంట్లో తిని పడుకున్నాడు. కాలేజీ టీములో మాత్రం పన్నెండుమందికి ఏడుగురే మిగిలారు. మిగతా ఐదుగురి ఇళ్ళకీ వ్యాయామం టీచరు భారతీదేవి కాళ్ళరిగేలా తిరిగింది. "పిల్లని ఊరి నోళ్ళలో పడెయ్యలేం టీచరమ్మా" అని తలుపులేసుకున్నారు. ఏడుగురు లేనిదే బరిలోకి దిగనివ్వరు. ఇంకొక్కరు తగ్గితే టీము లేనట్టే.

ఆ ఏడో పిల్ల మనీషా. వాళ్ళమ్మ ఎర్రమ్మకి గ్రౌండు గోడవతలే టీ కొట్టు. మైకుకి కరెంటు కూడా ఆ కొట్టునుంచే లాగారు. ఎర్రమ్మ అందరికంటే ముందొచ్చి మొదటి వరసలో కూర్చుంది.

"టీచరమ్మా, ముందే సెప్తన్నాను. ఆడు నా కూతుర్ని ఒక్క మాటన్నా, ఆట మద్దిలోనే పిల్లని సెయ్యట్టుకు లాక్కుపోతాను. మరి నన్నేటీ అనొద్దు."

"ఈసారేమీ అనడులే ఎర్రమ్మా. క్షమాపణ చెప్పాడుగా" అంది భారతీదేవి. ఆ మాట మీద ఆమెకే నమ్మకం లేదు.

గౌరీశంకర్ గొంతు సవరించుకున్నాడు. "మాతృమూర్తులారా! ఆదిశక్తి స్వరూపాలారా!"

అబ్బబ్బ, ఏం భక్తి! ఏడాదిలో ఒక్క పిల్ల పేరు నేర్చుకోలేదుగానీ అందర్నీ దేవతలను చేసేశాడు. ఎదుటి రాయగడ టీము అమ్మాయి కూతకొస్తే "అదిగో శక్తి!" మనమ్మాయి పట్టుకుంటే "అదిగో మరో శక్తి!" పాయింటు ఎవరికొచ్చిందో ఆ దేవుడికే ఎరుక. పోనీ, శక్తులతోనే సరిపెడితే అదే పదివేలని భారతీదేవి మొక్కుకుంది.

రెండో సగంలో మనీషా కూతకెళ్ళింది. నలుగురు మీదపడి పట్టుకున్నా, వాళ్ళని ఈడ్చుకుంటూ వచ్చి గీత అందుకుంది. జనం లేచి నిలబడ్డారు. గౌరీశంకర్‌కి హుషారెక్కి అసలు బుద్ధి బయటపడింది.

"అయ్యబాబోయ్! ఈ అమ్మాయిని చేసుకునేవాడు ముందు క్రేను కొనుక్కోవాలండోయ్!"

ఎర్రమ్మ లేచింది. "ఎర్రమ్మా, ఇంకో అయిదు నిమిషాలేనే..." అంటూ భారతీదేవి చెయ్యి పట్టుకోబోయింది. ఎర్రమ్మ విదిలించుకుని విసవిసా నడిచింది. బరిలోకి వెళ్తుందనుకుంటే, నేరుగా గోడ దాటి కొట్లోకి పోయింది.

"క్రేనుకి డ్రైవరు కూడా..." అంటూండగానే మైకు చచ్చింది. గౌరీశంకర్ దాన్ని తట్టాడు, ఊదాడు, లేచి నిలబడి అరిచాడు. ఆ గోలలో అతని మాట పక్కవాడికైనా వినిపించలేదు. కెమెరా మాత్రం బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది.

ఎర్రమ్మ తిరిగొచ్చి కూర్చుంది. ఒళ్ళో ప్లగ్గుతో సహా వైరు చుట్ట.

"పిల్లని లాక్కుపోతానన్నావు కదే?" అంది భారతీదేవి.

"తప్పుడు కూత కూసినోడ్ని వదిలీసి నా పిల్లని లాగుతానేటి?" అని ఎర్రమ్మ బరివైపు కేకేసింది. "ఆడవే అమ్మీ!"

కాసేపటికి జనం గోల సద్దుమణిగాక, మనీషా మళ్ళీ గీత దాటింది. "కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ..." మూడేళ్ళుగా టీముని ఆడిస్తున్న భారతీదేవికి, ఈ గ్రౌండులో ఆ పిల్ల కూత చివరిదాకా వినపడటం అదే మొదటిసారి.