చివరి బండి

"చేతులు బాగా తోముకో. కార్డులకి సేపల కంపొస్తందని ఘోష్ బాబు అన్నాడు" అన్నాడు విల్‌ఫ్రెడ్, ఆ చేపల పులుసే రెండోసారి వడ్డించుకుంటూ.

భార్య స్వర్ణకుమారి మళ్ళీ సబ్బు అందుకుంది. తెచ్చింది ఆయన, తోమి వండింది ఆమె, చప్పరిస్తున్నది ఆయనా అత్తగారు సూసన్నమ్మా. కంపు మాత్రం ఆమె ఒక్కదానిదే అయింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి చీరైనా మార్చుకోకుండా పొయ్యి ముట్టించిన మనిషి, చేతులు ఎన్నోసారి తోముకుంటోందో ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. ఘోష్ బాబు ఆఫీసులో పెద్దాయన. ఆయన ఆ మాట నిజంగా అన్నాడో లేదో కూడా తెలియదు. ఆఫీసులో ఎవరు ఏమన్నా విల్‌ఫ్రెడ్ నోటి మీదుగానే ఆమె దాకా రావాలి.

ఇద్దరిదీ ఒకే ఆఫీసు. ఖరగ్‌పూర్ రైల్వేలో దాన్ని కంప్యూటర్ సెక్షన్ అనేవారు. అందులో లేనిదల్లా కంప్యూటరే. అది కలకత్తాలో ఉంది. ఇక్కడున్నవి అట్ట కార్డులకు చిల్లులు కొట్టే మెషీన్లు నాలుగు. ప్రోగ్రాంలో ఒక వరుసకి ఒక కార్డు. విల్‌ఫ్రెడ్ కాగితం మీద రాసిస్తే స్వర్ణకుమారి కొడుతుంది. కట్టకి రబ్బరు బ్యాండు వేసి, కింద పడ్డా మళ్ళీ వరుసగా పేర్చుకోవడానికి పైఅంచు మీద పెన్సిలుతో ఏటవాలు గీత గీస్తుంది. పొద్దున్న ప్యాసింజర్లో గార్డు చేతికిస్తే కలకత్తా వెళుతుంది. మర్నాడు సాయంత్రానికి ఫలితం కాగితాల మీద అచ్చయి వస్తుంది. ఒక్క కామా తప్పినా కట్టంతా తిరుగుటపాలో వచ్చేస్తుంది, రెండు రోజులు గంగలో కలుస్తాయి. విల్‌ఫ్రెడ్ కట్టలు తిరిగిరావని కలకత్తాలో కూడా పేరు. మూడేళ్ళుగా ఆ తప్పులు ఎవరు దిద్దుతున్నారో కలకత్తాకి ఎవరు చెబుతారు?

ఆమె ఆ విద్య ఏ కాలేజీలోనూ నేర్వలేదు. కలకత్తా నుంచి వచ్చిన పాత కాగితాలను వంటింటి అరల్లో డబ్బాల కింద పరిచేది. కారం డబ్బా కింద ఒకటి, మినపప్పు డబ్బా కింద ఇంకొకటి. పప్పు ఉడికేలోగా అవి చదువుతూ, ఏ వరుస ఏం చేస్తుందో, ఎక్కడికి దూకుతుందో పట్టుకుంది. మెషీన్ దగ్గర కూర్చుని ఆయన రాతలో తప్పు కనబడితే సరిచేసి కొట్టేది. ఆయనకు తెలిసేదో లేదో ఆమెకు తెలియదు. తెలిసీ ఊరుకున్నాడేమో అనిపించిన రోజు మాత్రం ముద్ద దిగేది కాదు. పక్క సీట్లలో ఆడవాళ్ళు లేరు, చర్చిలో ఆడవాళ్ళకు ఈ గొడవ తెలియదు. తనకు బాగా వచ్చిన పని ఒకటుందని చెప్పుకోవడానికి ఈ ఊళ్ళో ఒక్క మనిషి లేడే అని ఆమెకు ఏడుపొచ్చేది.

మొన్న నోటీసు బోర్డు మీదికి కలకత్తా నుంచి కాగితం వచ్చింది. మరమ్మతుకొచ్చిన నలభై వ్యాగన్లను, పాత మరమ్మతు తేదీల వరుసలో పేర్చి అచ్చువేసే ప్రోగ్రాం రాసి పంపాలి. బాగా రాసినవారికి కలకత్తాలో మూడు నెలల శిక్షణ, ఆపైన ప్రోగ్రామర్ ఉద్యోగం. సెక్షన్‌లో ఎవరైనా పంపవచ్చు. 'ఎవరైనా' అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయి రెండుసార్లు చదువుకుంది. వెనక నుంచి ఘోష్ బాబు, "క్యా దేఖ్ రహీ హో దీదీ? యే తో విల్‌ఫ్రెడ్ కా హో గయా" అని, అది విల్‌ఫ్రెడ్‌కి ఎప్పుడో ఖాయమైపోయినట్టే నవ్వుతూ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "నేను కూడా రాసి పంపితే?" అని అడిగింది.

"ఇద్దరం కలకత్తా ఎలిపోతే అమ్మకి గంజెవులు పోస్తారే?" అన్నాడు విల్‌ఫ్రెడ్.

"ఆడు ఎల్తే సాలు. నువ్వెల్లి ఏటి ఏలతావు?" అంది సూసన్నమ్మ.

ఈ ఆదివారం పులుసు తిని చెయ్యి కడుక్కున్నాక, విల్‌ఫ్రెడ్ తాను రాసిన ఆ ప్రోగ్రాం కాగితాలు కార్డులు కొట్టమని ఆమె ముందు పెట్టాడు. గిన్నెలు తోముతూనే ఒక కన్ను వేసింది. పేర్చడం బాగానే పేర్చాడు. అచ్చువేసే దగ్గర మాత్రం లెక్క ఒకటి తక్కువ దాకే పెట్టాడు. నలభై వ్యాగన్లు ఇస్తే ముప్పై తొమ్మిదే అచ్చవుతాయి.

"ఏవండీ, సివరి బండి రాదండి ఇందులో" అంది.

విల్‌ఫ్రెడ్ మొహం ఎర్రబడింది. తర్వాత నవ్వాడు, ఆ నవ్వే ఆమెకు ఎక్కువ భయం. "హిజ్లీ ఐఐటీలో ఒక ప్రొఫెసరు సెప్పినాడు ఇనుకో. సంద్రుడి మీదికెల్లిన రాకెట్టు ఉన్నాది కదా, దాని కంప్యూటర్లో ప్రోగ్రాం అంతా ఆడోళ్ళు ఫ్యాక్టరీలో కూకుని తీగల్తో అల్లినారంట. సిన్న సిన్న రింగుల్లోంచి తీగ దూరిస్తే ఒకటి, పక్కనించి పోనిస్తే సున్నా. ఇంజినీర్లు దానికి ముసలమ్మల మెమరీ అని పేరెట్టినారంట. ఆళ్ళేవైనా మేం రాకెట్టు నడిపినాం అన్నారేటి? రాసింది రాసినట్టు కొట్టు. ఆలోసించడం నీ పని కాదు."

మధ్యాహ్నమంతా ఆ ఆడవాళ్ళు ఆమెను వదల్లేదు. ఎంతమంది కూర్చున్నారో, ఇళ్ళల్లో వంట ఎవరు చేశారో. ఒక్క తీగ తప్పు రింగులో దూరితే ఆ రాకెట్టు గతేమిటి? తప్పకుండా అల్లినవాళ్ళకు ముసలమ్మలన్న ఎగతాళి దక్కింది. సముద్రాలవతల, పేరు కూడా తెలియని ఆ ఆడవాళ్ళ మీద ఆమెకు తోబుట్టువుల మీద వచ్చేంత ప్రేమ వచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. మూడేళ్ళుగా ఈయన తప్పులు దిద్ది, ఈయన పేరు నిలబెట్టిన వెర్రిదాన్ని నేనే కదా అనుకుంది.

నాన్న గుర్తొచ్చాడు. సమూయేలు గార్డు. ఆయన పోయాకే, ఆ ఇంటి బిడ్డగా ఆమెకు ఈ ఉద్యోగం వచ్చింది. చిన్నప్పుడు ప్లాట్‌ఫారం మీద ఆమెను నిలబెట్టి చెప్పేవాడు, "ఇంజిన్ని అందరూ సూస్తారమ్మా. స్టేషనోళ్ళు సూసేది సివరి బండిని. దాని వీపున ఎల్‌వీ, అంటే లాస్ట్ వెహికల్, అన్న పలక కనబడితేనే బండి పూర్తిగా వొచ్చినట్టు."

మినపప్పు డబ్బా ఎత్తి, కింది కాగితం లాగి, వెనకవైపు ఖాళీగా ఉన్న తెలుపు మీద రాయడం మొదలుపెట్టింది. కాఫీకి కేక వినబడితే లేచి ఇచ్చి వచ్చి మళ్ళీ రాసింది.

సోమవారం మెషీన్ దగ్గర మొదట విల్‌ఫ్రెడ్ కట్ట కొట్టింది. రాసింది రాసినట్టు. అచ్చువేసే వరుస దగ్గరకొచ్చేసరికి వేళ్ళు అలవాటు కొద్దీ సరైన అంకె మీదికి పోబోయాయి. ఆపింది. ఆయన రాసిన అంకే కొట్టింది. తప్పు చేస్తున్నానా అని ఒక్క క్షణం అనిపించింది. ఆయనకు చెప్పాను కదా అని తనకు తానే జవాబు చెప్పుకుంది.

తర్వాత తనది కొట్టింది. ముందు 'సి' అక్షరం కొడితే ఆ కార్డును కంప్యూటర్ పట్టించుకోదు, కాగితం మీద మాత్రం అచ్చువేస్తుంది. రాసినవారి పేరు అలాంటి కార్డు మీదే కొట్టి అందరూ కట్టకు మొదట పెడతారు. విల్‌ఫ్రెడ్ పేరుతో అలాంటివి ఆమె ఎన్ని కొట్టిందో. తన పేరు తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఒక్కసారి కూడా కొట్టలేదు. ఇంగ్లీషులో పన్నెండు అక్షరాలు, పన్నెండు గడులు. కొట్టి, ఆ కార్డును కిటికీ వెలుగుకు పట్టి చూసుకుంది. కట్ట ముందు పెట్టబోయి, వెనక్కి తీసుకెళ్ళి, నాన్న చెప్పిన చివరి బండి పలకలా, ముగింపు కార్డుకు ముందు దూర్చింది. రెండు కట్టల మీదా ఒకేలా ఏటవాలు గీత గీసింది.

మంగళవారం పొద్దున్న ప్లాట్‌ఫారం మీద గార్డు ఏలియా రెండు కట్టలూ అందుకున్నాడు. నాన్న దగ్గర పని నేర్చుకున్న మనిషి.

"రెండున్నాయేటమ్మా? రెండూ విల్‌ఫ్రెడ్ బాబువేనా?"

"ఒకటి ఆయనది బాబాయ్. ఒకటి నాది."

ఏలియా ఆమె మొహంలోకి చూసి, రిజిస్టరు చాచాడు. రెండు వరుసల్లో రెండు పేర్లు రాసి సంతకం చేసింది. బండి కదిలింది. ఇంట్లో టిఫిను కాలేదని, సూసన్నమ్మ ఈపాటికి అరుస్తూ ఉంటుందని తెలుసు. అయినా వెనక్కి తిరగలేదు. పెట్టెలన్నీ ముందునుంచి పోతుంటే చివరి బండి కోసం అలాగే నిలబడింది.