ఉనైసి సిస్టర్ కలిపిన క్రీము

మా ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డుకు ఉనైసి పెద్ద సిస్టర్. ఆ వానాకాలం పిల్లలు ఒకరి తర్వాత ఒకరు పాలు మానేసి వాడిపోయారు. వాళ్ళ రక్తంలో చేరిన బ్యాక్టీరియా మేం ఇచ్చే ఏ యాంటీబయాటిక్‌కూ లొంగలేదు. సెమిసి అనే ఒకతని పసికూతురు చనిపోయింది.

అప్పుడు రాజధాని సువా నుంచి తోరికా వచ్చింది. మందులకు లొంగని బ్యాక్టీరియా మీద పరిశోధన చేసే డాక్టరు. తప్పు ఎవరి నెత్తిన వేస్తుందోనని నర్సులమంతా బెదిరిపోయి ఉన్నాం. ఆవిడ వస్తూనే నా ముందు రెండు చేతులూ చాపింది.

“ముందు నా చేతులు పరీక్షకి తీసుకో సిస్టర్. నేనూ ఈ గదిలోకి వచ్చినదాన్నేగా.”

ఉనైసిది కొండ ఊరు, తోరికాది దీవి. ఆ రెండుచోట్ల వాళ్ళకూ తాతల నాటి నుంచి పరాచికాల వరస.

“ఏం దీవి పిల్లా, సింకు కింద దూరావు? ఇక్కడ పీతలు దొరకవు,” అంది ఉనైసి.

“పీత ఎలా ఉంటుందో మీ కొండవాళ్ళకేం తెలుసులే సిస్టర్! మోకాలిలోతు నీళ్ళు చూస్తే దేవుణ్ణి తలుచుకుంటారు!”

ఎన్నాళ్ళకో ఆ వార్డులో నవ్వు వినబడింది.

కుళాయిలు, పాలసీసాలు, తలుపు పిడులు, ఏదీ వదలకుండా దూదిపుల్లలతో తుడిచి పరీక్షకు పట్టుకెళ్ళింది తోరికా. ఈలోగా కెలేరా అనే అమ్మాయి కొడుకూ పడకేశాడు. అందరూ పక్కన పెట్టేసిన పాత మందొకటి ఆ బ్యాక్టీరియాను చంపుతోందని తోరికా ప్రయోగశాలలో తేల్చింది. “కిడ్నీలకి ప్రమాదం. ఆచితూచి ఇవ్వాలి. నేనిక్కడే ఉంటాను,” అని తొట్టె పక్కన కుర్చీ వేసుకుంది. పిల్లవాడు మళ్ళీ పాలు తాగిన రోజు కెలేరా కంటే ముందు ఆవిడే ఏడ్చింది.

ఆ తర్వాత సంగతి బయటపడింది. కడిగి కడిగి మా చేతులు పగిలి రక్తం వచ్చేవి. ఆసుపత్రి వాళ్ళు క్రీము ఇచ్చేవారు కాదు. ఉనైసి తన జీతంతో కొని, అందరికీ సరిపోవాలని కుళాయి నీళ్ళు కలిపి, సీసా ఖాళీ కాకముందే మళ్ళీ నింపేది. ఆ బ్యాక్టీరియా ఆ సీసాలోనే ఉంది.

తోరికా ముందుగా ఉనైసికే చెప్పింది. వెనక వరండాలో చాప మీద ఇద్దరూ కూర్చున్నారు. నేను టీ తీసుకెళ్ళాను.

“సీసాలో ఉన్నదీ, పిల్లల రక్తంలో ఉన్నదీ ఒకటే సిస్టర్.”

ఉనైసి తన అరచేతులు చూసుకుంది. “అయితే ఈ చేతులతో నేనే...”

“మీరు చేసింది ప్రేమతో. కానీ నీళ్ళు కలిస్తే అది అందులో పెరుగుతుంది. మీకు క్రీము ఇవ్వనివాళ్ళనీ నిలదీస్తాను. ఈ విషయం మాత్రం దాచలేను.”

“దాచమని నేనడిగానా?” కసిరింది ఉనైసి. ఆ తర్వాత చాలాసేపు ఏడ్చింది. తోరికా ఆవిడ చెయ్యి వదల్లేదు.

మర్నాడు ప్రార్థన అవగానే ఉనైసి ఆ సీసా పట్టుకుని, జరిగిందంతా తనే మాకు చెప్పింది. సీసా తీసేశాక కొత్తగా ఎవరికీ జబ్బు సోకలేదు. ఎవరి క్రీము వాళ్ళకు మూతవేసిన చిన్న ట్యూబుల్లో వచ్చేదాకా తోరికా పెద్ద డాక్టర్ల గదుల ముందునుంచి కదల్లేదు.

ఆపైన ఉనైసి క్షమాపణ అడగడానికి మా ఆచారం ప్రకారం తిమింగలం దంతం తీసుకుని సెమిసి ఊరికి బయల్దేరింది. అవతలివాళ్ళు దాన్ని అందుకుంటే క్షమించినట్టు.

“నువ్వెందుకమ్మాయ్? తప్పు నాది,” అంది తనతో బయల్దేరిన తోరికాతో.

“కనిపెట్టింది నేను. వాళ్ళు అడిగేవాటికి మీరేం జవాబు చెబుతారు?” అని తోరికా పడవెక్కింది. వాళ్ళతో నేనూ వెళ్ళాను.

గుమ్మం దగ్గర తలలు వంచుకుని కూర్చున్నాం. సెమిసి భార్య బయటికి రాలేదు. ఉనైసి జరిగిందంతా చెప్పి, క్షమించమని దంతాన్ని ముందుకు చాపింది. చివరికి సెమిసి దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. తోరికా వైపు తిరిగాడు.

“మా పాపని తీసుకుపోయిన ఆ క్రిమిని ఇంకోచోట చూస్తే గుర్తుపడతావా?”

“గుర్తుపడతాను, అన్నా.”

“అయితే వెతుకుతూనే ఉండు. లోపలికి రండి, ఏమైనా తిందురుగాని.”